నడుమ పడిన బంతి

టెన్నిసు కోర్టు వెడల్పు సింగిల్సు ఆటకు 27 అడుగులు, డబుల్సుకు 36. ఆటగాండ్రు రెట్టింపగుదురు గాని నేల రెట్టింపు కాదు. నడుమ పడిన బంతి ఎవరిదో ఎరిగిన జంటకే గెలుపు దక్కును.

ఈ విద్యనే నమ్ముకొనిన కొడగు వాసి రోహన్ బోపన్న అమెరికా ఓపెన్ డబుల్సు తుదిపోరున 2010లో ఐసాముల్ హక్ ఖురేషీతోను, 2023లో మాథ్యూ ఎబ్డెన్‌తోను కూడి ఓడెను. తోడును విడువలేదు. 2024 జనవరిలో ఎబ్డెన్‌తోనే ఆస్ట్రేలియా ఓపెన్ గెలిచి, 43 ఏండ్ల వయస్సున డబుల్సులో ప్రపంచ ప్రథమ స్థానము నందెను. 2025లో ఆట విరమించెను.

ఆ గెలుపులో ఎవరి పాలు ఎంతయని ఎవరును లెక్కింపలేదు. పాఠశాలలు మాత్రము ఒంటరిగా మొదట నిలిచినవానినే ఎంచుచున్నవి. తన వంతు విడువక, తోడివాని వంతు ఆక్రమింపక పనిచేయు విద్యార్థికి మార్కుల పట్టికలో చోటు లేదు. ఆ చోటు కల్పించుట ఉపాధ్యాయుల చేతిలోనే యున్నది.