పోకెమాన్ ఆట - నాకు నచ్చింది, నచ్చనిది

జపాన్ వాళ్ల పోకెమాన్ ఆట గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. సెలవుల్లో మా బావ ఫోన్‌లో ఆడాను.

ఇది తయారుచేసిన సతోషి తజిరి గారు చిన్నప్పుడు పురుగులు పట్టేవారట. అందుకే ఆటలో గడ్డిలో నడిస్తే జీవాలు ఎదురొస్తాయి. మనం తొలకరిలో ఆరుద్ర పురుగులు పట్టినట్టే! జీవం స్పృహ తప్పితే ఇంక దొరకదు, అలిసేదాకే కొట్టి బంతి వెయ్యాలి. ఆ ఓపిక నాకు నచ్చింది. నిప్పు ఆకుని గెలుస్తాది, నీళ్లు నిప్పుని గెలుస్తాయి. పోడు చేసే మా వోళ్లకి ఇది చెప్పక్కర్లేదు. 1996లో రెడ్, గ్రీన్ అని రెండు ఆటలు తెచ్చారు. ఒకదాన్లో అన్ని జీవాలూ దొరకవు, పక్కవాళ్లతో మార్చుకోవాల్సిందే. ఇది చాలా మంచి ఆలోచన.

నచ్చనిది ఏటంటే, అప్పుడు ఆటలో నడిచేది గుంటడే. అమ్మాయిని ఎంచుకోడానికి 2000లో క్రిస్టల్ ఆట వచ్చేదాకా ఆగాలి. నాలుగేళ్లు! పురుగులు పట్టడం మాకు రాదా? ఇంట్లో కూడా ఫోను ముందు తమ్ముడికే. నేను నీళ్లు తెచ్చాక ఛార్జింగ్ మిగిలితే నాకు.

ఇంకోటి, మాటలన్నీ ఇంగ్లీషే. గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందటే మా సవర భాషకి పుస్తకాలు రాశారు. ఈ ఆట తెలుగులో కూడా లేదు.

ఆటలాడితే చదువు పాడవుతాదని మేడమ్ గారు అంటారు. 'ట్రేడ్' అంటే మార్చుకోవడం అని నాకు తెలిసింది మాత్రం ఈ ఆటలోనే, మేడమ్!