ధైర్యం వచ్చాక దారీ ఉండాలి

బ్రిటన్‌లో డాక్టరు అపాయింట్‌మెంట్ కావాలంటే చాలాచోట్ల పొద్దున్నే ఎనిమిది గంటలకు క్లినిక్‌కి ఫోన్ చేయాలి. ఎంతోసేపు వేచి ఉన్నాక లైన్ కలుస్తుంది. అవతల రిసెప్షనిస్టు పేరు, పుట్టినతేదీ, పోస్ట్‌కోడ్, ఒంట్లో బాధ ఏమిటో గబగబా అడుగుతుంది. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన ఆడమనిషికి ఆ రెండు నిమిషాలూ గండమే. అందుకే చాలా ఇళ్లలో ఆ ఫోన్ భర్త చేస్తాడు. ఆయన పనికి వెళ్లిపోతే బడికి బయల్దేరిన పిల్లాడు చేస్తాడు. అమ్మ తన ఒంటి సంగతి కొడుక్కి చెప్పాలి, కొడుకు దాన్ని పరాయి మనిషికి చెప్పాలి. కొడుకుతో చెప్పలేనిది డాక్టరు దాకా వెళ్లనే వెళ్లదు.

ఈ ఇబ్బంది ఏ కొద్దిమందిదో కాదు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇంగ్లీషు సరిగా మాట్లాడలేనివాళ్లు సుమారు 8,80,000 మంది, అసలు మాట్లాడలేనివాళ్లు 1,61,000 మంది తేలారు. వీళ్లలో మగవాళ్లూ ఉన్నారు. కానీ పనికి వెళ్లే మగవాడికి అక్కడైనా నాలుగు మాటలు చెవిన పడతాయి. పిల్లలతో, వంటతో ఇంటిపట్టున ఉండిపోయే ఇల్లాలికి ఆ మాత్రం అవకాశమూ ఉండదు. అలాంటి వాళ్ల కోసమే లైబ్రరీల్లో, చర్చి హాళ్లలో, గురుద్వారాల్లో, ప్రాథమిక పాఠశాలల్లో కమ్యూనిటీ ఇంగ్లీషు క్లాసులు నడుస్తున్నాయి. ఫీజు ఉండదు, ఉన్నా నామమాత్రం. ఇవి ఆడవాళ్ల బతుకుల్ని మారుస్తున్నాయని కొందరంటారు. కాస్త ధైర్యం ఇచ్చి ఇంటికి పంపేయడం తప్ప వీటితో ఒరిగేదేమీ లేదని మరికొందరంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది కాబట్టి రెండింటినీ సావధానంగా వినాలి.

ముందు క్లాసుల పక్షం. అక్కడ టీచర్లు చేయించే అభ్యాసం ఒకటుంది. రెండు కుర్చీలు వీపుకు వీపు తగిలేలా వేస్తారు. ఒకామె రిసెప్షనిస్టు, ఇంకొకామె రోగి. మొహాలు కనపడవు కనుక సైగలకు తావుండదు, నవ్వి తప్పించుకోవడమూ కుదరదు. ఫోన్‌లో లాగే చెవినీ నోటినీ నమ్ముకోవాలి. పేరును ఒక్కో అక్షరం చొప్పున చెప్పాలి. వెంకటలక్ష్మి అనే తెలుగామె అయితే తొలి అక్షరం దగ్గరే చిక్కుపడుతుంది. ఇంగ్లీషులోని రెండు రకాల ‘వ’లూ ఆమె నోట ఒకేలా పలుకుతాయి, అవతలివాళ్లు ఒకదానికి ఇంకొకటి రాసుకుంటారు, కంప్యూటర్లో ఆమె పేరు దొరకదు. ‘వీ ఫర్ విక్టర్’ అనడం అలవాటయ్యాక ఆ చిక్కు వీడుతుంది. అర్థం కానప్పుడు ఫోన్ పెట్టేయకుండా ‘సారీ, క్యాన్ యూ సే దట్ అగైన్ ప్లీజ్?’ అని అడగగలగడం అంతకంటే పెద్ద పాఠం. వ్యాకరణం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. తప్పు మాట్లాడినా ఎవరూ నవ్వరన్న భరోసా మాత్రం పదిమంది కూర్చున్న గదిలోనే దొరుకుతుంది.

ఇది వట్టి అభిమానంతో చెప్పే మాట కాదు. 2016లో ఉత్తర ఇంగ్లండ్‌లోని బోల్టన్, ఓల్డమ్, రోచ్‌డేల్, కాల్డర్‌డేల్, కిర్క్‌లీస్ ప్రాంతాల్లో ‘టాక్ ఇంగ్లిష్’ క్లాసుల ఫలితాన్ని ప్రభుత్వం పద్ధతి ప్రకారం పరీక్షించింది. ముందుకొచ్చిన వాళ్లను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు వెంటనే 11 వారాల క్లాసులు పెట్టి, రెండో జట్టును కొన్నాళ్లు ఆగమన్నారు. తర్వాత రెండు జట్లనూ పోల్చి చూస్తే, క్లాసులకు వెళ్లినవాళ్ల ఇంగ్లీషు స్పష్టంగా మెరుగైంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇతర నేపథ్యాల వాళ్లతో వాళ్ల మాటామంతీ, స్నేహాలూ పెరిగాయి. నివేదిక 2018లో వెలువడింది. పదకొండు వారాల్లో అంత మార్పు రావడం చిన్న విషయమేమీ కాదు.

ఆడవాళ్లకే ప్రత్యేకంగా క్లాసులెందుకని అడిగేవాళ్లున్నారు. గడప దాటడానికి ఇంట్లో ఒప్పించాల్సిన ఆడవాళ్లకు, మగవాళ్ల ముందు నోరు పెగలని వాళ్లకు, అలాంటి క్లాసు లేకపోతే అసలు క్లాసే లేనట్టు. అయితే ఇందులో లోటు కూడా ఉంది. సోమాలియా, పోలండ్, బంగ్లాదేశ్ వాళ్లు కలిసి కూర్చున్న గదిలో మాట కలవాలంటే ఇంగ్లీషే దిక్కు. వీధంతా పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మీర్‌పూర్ నుంచో, బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచో వచ్చినవాళ్లే ఉండే ఊళ్లలో క్లాసు కూడా వాళ్లతోనే నిండుతుంది. అక్కడ టీచరు అటు తిరగగానే సొంత భాష మొదలవుతుంది. కష్టసుఖాలు చెప్పుకోవడానికి అది గొప్ప చోటే. ఇంగ్లీషు మాత్రం నెమ్మదిగా వస్తుంది.

ఇక రెండో పక్షం. వాళ్ల మొదటి అభ్యంతరం ధైర్యానికీ భాషకీ మధ్య ఉన్న దూరం గురించి. ఇంగ్లండ్‌లో పెద్దవాళ్ల ఇంగ్లీషు చదువుకు మెట్లున్నాయి. ఎంట్రీ వన్, టూ, త్రీ, వాటి పైన లెవల్ వన్, లెవల్ టూ. లైబ్రరీలో వారానికి రెండు గంటల కబుర్లతో మొదటి మెట్టు ఎక్కవచ్చు. పైమెట్లకు చదవడం, రాయడం, పరీక్ష, శిక్షణ పొందిన టీచరు, వారానికి ఎన్నో గంటల సాధన కావాలి. భర్త వీసా మీద వచ్చిన భార్య ఆ దేశంలో శాశ్వతంగా ఉండాలంటే కనీసం బీ వన్ అనే స్థాయి చూపించాలి. అది సుమారుగా ఎంట్రీ త్రీతో సమానం. సొంత దేశంలో నర్సుగా, టీచరుగా పనిచేసినామె మళ్లీ ఆ పనిలో చేరాలంటే ఇంకా చాలా పైకి వెళ్లాలి. అలాంటామెను ఏళ్ల తరబడి ‘మై నేమ్ ఈజ్’ దగ్గరే కూర్చోబెట్టి, చూడండి ఎంత ధైర్యం వచ్చిందో అని మురిసిపోవడం ఆమెకు చేసే అన్యాయమే.

రెండో అభ్యంతరం డబ్బు గురించి. ఇంగ్లండ్‌లో ఈ చదువుకు ప్రభుత్వం ఇచ్చే నిధులు 2009-10లో సుమారు 20.3 కోట్ల పౌండ్లు. 2015-16 నాటికి అవి సుమారు 9 కోట్లకు పడిపోయాయి. కాలేజీల్లో సీట్లు తగ్గాయి. శరణార్థులు కొన్నిచోట్ల మూడేళ్ల దాకా వేచి ఉంటున్నారని 2016లో రెఫ్యూజీ యాక్షన్ సంస్థ చెప్పింది. జీతాలిచ్చి పెట్టాల్సిన టీచర్ల చోటును వాలంటీర్లు నింపారు. రిటైరైన టీచరమ్మ ఒకావిడ టీ కాచి, ఓపిగ్గా కూర్చుని పాఠం చెబుతుంటే ఆమెకు చేతులెత్తి మొక్కాలి. కానీ ఆమె మంచితనం ప్రభుత్వానికి సాకు కాకూడదు.

మూడోది అన్నిటికంటే పదునైన అభ్యంతరం. తప్పంతా ఆడవాళ్ల బెరుకులోనే ఉందన్నట్టు ఈ చర్చ నడుస్తుంది. 2016 జనవరిలో ప్రధాని డేవిడ్ కామెరాన్ ముస్లిం మహిళలకు ఇంగ్లీషు నేర్పడానికి 2 కోట్ల పౌండ్లు ప్రకటించారు. భార్య వీసా మీద వచ్చినవాళ్లు రెండున్నరేళ్లలో భాషలో మెరుగుపడకపోతే దేశంలో ఉండనిస్తారన్న హామీ లేదని కూడా ఆయనే అన్నారు. క్లాసులకు కోత పడిన కాలంలోనూ ఆయనే ప్రధాని. ముందు తలుపు మూసి, తర్వాత లోపలికి ఎందుకు రాలేదని నిలదీయడం న్యాయమనిపించుకోదు. భయపెడితే పరీక్ష పాసవుతారేమో, నోరు మాత్రం విప్పరు.

ఈ వాదనలు మన తెలుగు ఇళ్లకు దూరమైనవి కావు. బ్రిటన్‌కూ అమెరికాకూ డిపెండెంట్ వీసా మీద వెళ్లే మన అమ్మాయిల్లో చాలామంది డిగ్రీలు చదివినవాళ్లు. ఇంగ్లీషు చదవగలరు, రాయగలరు. మాట్లాడాల్సి వచ్చేసరికి వాక్యం మనసులో కూర్చుకునేలోపు సంభాషణ దాటిపోతుంది. అమెరికాలో హెచ్‌-4 వీసా మీద ఉన్న భార్యల్లో కొందరికి 2015 నుంచి ఉద్యోగానికి అనుమతి దొరికింది. దొరకని వాళ్లు అపార్ట్‌మెంట్లోనే ఏళ్లు గడుపుతున్నారు. పబ్లిక్ లైబ్రరీలో నడిచే సంభాషణ క్లాసు ఇలాంటి అమ్మాయికి ఊపిరి పోస్తుంది. అయితే ఆమెకు కావలసింది అక్షరాలు కాదు, వేగం, యాస, ఇంటర్వ్యూలో నిలబడే అలవాటు. మనవణ్ని చూసుకోవడానికి వెళ్లి అక్కడే ఉండిపోయిన అత్తగారికి కావలసింది వేరు. బస్సు నంబరు, మందుల చీటీ, పక్కింటావిడతో రెండు ముక్కలు. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే ఇద్దరికీ నష్టం. ఇంకో మాట కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. వీసా నిబంధన ఉద్యోగం చేయనివ్వకపోతే, ఇంట్లో డబ్బు మీద హక్కు లేకపోతే, ఏ క్లాసూ ఆ తాళం తీయలేదు.

మరి ధైర్యం ఉత్త మాటేనా? కాదని చెప్పడానికి మన నేల మీదే సాక్ష్యం ఉంది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రి పలకలు పట్టుకుని కూర్చున్నారు. అక్షరాలతో పాటు సారా గురించి, కూలి డబ్బుల గురించి మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఆ కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై వాచకంలోకెక్కింది, ఊరూరా రాజుకుంది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లలో ఎందరు గడగడా చదివే స్థాయికి చేరారన్నది వేరే ప్రశ్న. పదిమంది కలిసి కూర్చుని తమ బతుకు గురించే చదువుకున్నప్పుడు పుట్టే ధైర్యం ఎంత దూరం వెళుతుందో మాత్రం ఆ చరిత్ర చూపించింది.

నెల్లూరుకీ, బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లోనో లెస్టర్‌లోనో నడిచే క్లాసుకీ పెద్ద తేడా ఉంది. నెల్లూరు ఆడవాళ్లు సొంత భాషలో కొట్లాడారు. అక్షరం రాకపోయినా వాళ్లకు నోరుంది. వలస వెళ్లినామె తన భాషలో ఎంత గట్టిగా మాట్లాడినా అక్కడి ఆఫీసు వినదు. కాబట్టి ఆమె విషయంలో ధైర్యం ఒక్కటే చాలదు, భాష కూడా నిజంగా రావాలి. అదే సమయంలో, భాష వచ్చేదాకా ఆమె హక్కులు ఆగకూడదు. ఆసుపత్రిలో దుబాసీని పెడితే ఎవరూ ఇంగ్లీషు నేర్చుకోరని వాదించేవాళ్లున్నారు. పురిటి నొప్పులు కోర్సు పూర్తయ్యేదాకా ఆగవు కదా.

రెండు పక్షాలూ విన్నాక నాకు తోచేది ఇది. కమ్యూనిటీ క్లాసు ఇచ్చే ధైర్యం నిజమైనది, అది లేకపోతే తర్వాతిదేదీ మొదలవదు. కానీ అది తొలిమెట్టు. పై మెట్లు కట్టకుండా తొలిమెట్టునే పొగుడుతూ కూర్చోవడం ఆ ఆడవాళ్లకు మేలు చేయదు. ఒక క్లాసు మంచిదో కాదో తేల్చడానికి ఎంతమంది వచ్చారని లెక్కేస్తే సరిపోదు, అక్కడి నుంచి ఎంతమంది పై క్లాసుకో పనికో వెళ్లారో చూడాలి. అందుకు కావలసినవి అసాధ్యమైనవేం కావు. క్లాసు జరిగే చోటే పసిపిల్లల్ని చూసే మనిషి ఉండాలి. బడి విడిచే వేళకు ముందే క్లాసు ముగియాలి. వాలంటీరు పక్కన శిక్షణ పొందిన టీచరు ఉండాలి. ఈ కోర్సు అయ్యాక ఎక్కడ చేరాలో మొదటి రోజే చెప్పాలి. ఆస్ట్రేలియా 1948 నుంచి వలస వచ్చిన పెద్దవాళ్లకు ప్రభుత్వ ఖర్చుతో ఇంగ్లీషు నేర్పుతోంది. ఆ కార్యక్రమంలో పిల్లల సంరక్షణ కూడా ఉచితమే. అంతకుముందు ఒక్కొక్కరికీ 510 గంటలే అన్న పరిమితిని 2021లో తీసేసింది. మనసు పెడితే ఏ దేశానికైనా సాధ్యమే.

విదేశాల్లోని మన తెలుగు సంఘాలు పిల్లలకు తెలుగు నేర్పే బడులు ఎంతో శ్రద్ధగా నడుపుతున్నాయి. చాలాచోట్ల పిల్లల్ని దింపిన తల్లులు, అమ్మమ్మలు ఆ గంటసేపూ బయటే ఎదురుచూస్తారు. ఆ గంటను వాళ్లకూ పాఠంగా మార్చవచ్చు. అందులో నెగ్గినవాళ్లను అక్కడి కాలేజీ దాకా తీసుకెళ్లి చేర్పించి రావచ్చు. ధైర్యం ఇవ్వడం, దారి చూపడం రెండూ చేసినప్పుడే ఆమెకు చేయాల్సిన సాయం చేసినట్టు.