వాకీటాకీ ఎవరి చేతిలో ఉండాలి?

మా పేట పార్కుకి ఆరు వాకీటాకీలు కొన్నారు. మూడు గేటు దగ్గరి గార్డులకి, ఒకటి సూపర్‌వైజరుకి, ఒకటి ఆఫీసుకి. ఆరోది, పెద్ద సారు వచ్చినపుడు ఆయన వెనక నడిచే మనిషికి! తెల్లవారుజామున చీకటి విడవకముందే వెనక గోడ దాకా ఊడ్చుకుంటూ పోయే ఆడవాళ్ళు 11 మంది. వాళ్ళకి ఒక్కటీ లేదు.

మా సంఘం తరఫున వెళ్ళి అడిగాను. ‘‘వాళ్ళకెందుకమ్మా, సెల్‌ఫోన్లున్నాయిగా’’ అన్నారు. ఉన్నాయి. వాళ్ళ డబ్బుతో కొన్నవి, వాళ్ళ డబ్బుతో రీచార్జి చేయించుకునేవి. ఆపద ముంచుకొచ్చినపుడు ఫోను తీసి, నంబరు వెతికి, అవతలివాళ్ళు ఎత్తేదాకా ఆగాలి. వాకీటాకీలో మీట నొక్కి ఒక్క మాటంటే ఆ ఛానెల్లో ఉన్న అందరికీ వినబడుతుంది. ఈ తేడా గార్డుల విషయంలో తెలిసింది కదా, ఊడ్చేవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఎందుకు తెలియలేదు?

పోయిన చలికాలంలో వాళ్ళలో ఒకామెకి తాగిన మగవాళ్ళిద్దరు వెనక గోడ దగ్గర అడ్డం నిలబడ్డారు. చీపురు ఎత్తి పట్టుకుని గేటుదాకా పరుగెత్తింది. ‘‘ఎంత అరిచినా ఎవరికీ వినబళ్ళేదక్కా’’ అంది నాతో.

డబ్బు లేదంటే నేను నమ్మను. అదే పార్కులో మైకులు బిగించారు. ‘గడ్డి మీద నడవరాదు, పూలు కోయరాదు’ అని పొద్దస్తమానం చెబుతాయి. కెమెరాలు పెట్టారు. పైవాళ్ళ ఆజ్ఞ కిందికి దించడానికి, కిందివాళ్ళ మీద కన్నేసి ఉంచడానికి డబ్బుంది. కిందినుంచి పిలవడానికి మాత్రం లేదు! లైసెన్సు చిక్కులని ఇంకో సాకు. 446.0-446.2 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే తక్కువ శక్తి సెట్లకి 2018 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు.

మనం దయ అడగడం లేదు. 1997 విశాఖ తీర్పు తర్వాత ఇన్నేళ్ళ పోరాటంతో 2013లో పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం వచ్చింది. పనిచోట తారసపడే బయటివాళ్ళ నుంచి కూడా రక్షణ కల్పించాల్సింది యజమానేనని దాని 19వ సెక్షన్ చెబుతోంది. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన మనిషి కూడా ఆ చట్టం దృష్టిలో ఉద్యోగే. ‘కాంట్రాక్టరుని అడగండి’ అని తప్పించుకోవడం కుదరదు.

పార్కుకి వచ్చే ఆడవాళ్ళ సంగతీ ఇంతే. ఎర్ర బటనున్న సహాయ స్తంభాన్ని గార్డు కుర్చీ పక్కనే పాతారు! అది కావలసింది మరుగుదొడ్ల దగ్గర, వెనక దారిలో. నొక్కి చూశాను. చాలాసేపు మోగింది, పలికిన దిక్కులేదు. పలికే మనిషిని పెట్టకుండా స్తంభం పాతి ఎవరిని మోసం చేస్తున్నారు? చదువురాని వాళ్ళకి అర్థమయ్యే బొమ్మ, చెవులు వినబడని వాళ్ళకి పిలుపు అందిందని తెలిపే లైటు ఉండాలని ఎవరికీ తోచలేదు. 2016లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం మామూలు సెల్‌ఫోనులో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే, స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే అత్యవసర కాల్ వెళ్ళాలి. మా 11 మందిలో ఒక్కరికీ ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అందుకే మా డిమాండ్లు ఇవి. మొదటి సెట్టు గేటుకి అందరికంటే దూరంగా పనిచేసే ఆమెకివ్వాలి. కొనేముందు ఆమె చేతికిచ్చి, వెనక గోడ దగ్గర చెట్ల మధ్య నుంచి మాట్లాడించి చూడాలి. బరువెంత, తడిచేత్తో మీట పడుతుందా, మాట తేటగా వినబడుతుందా, ఆమే చెప్పాలి. చార్జింగు ఎవరి పనో, పిలుపుకి జవాబు ఎవరివ్వాలో కాగితం మీద రాయాలి. ఆ సెట్టుని ఆమె మీద నిఘాకీ, జీతం కోతకీ వాడకూడదు.

మీ ఊరి పార్కుకీ వెళ్ళండి. ఊడ్చే ఆమెని, మొక్కలకి నీళ్ళు పట్టే ఆమెని అడగండి: ఆపదొస్తే ఎవర్ని, దేంతో పిలుస్తారని. ఆ జవాబులన్నీ రాసుకుని, వాళ్ళతో కలిసే వెళ్ళి, కమిషనర్ల బల్ల మీద పెడదాం.