చిత్తడి పెరడుకి సిమెంటే మందా?

ఇల్లు కొనేవాళ్లయినా, అద్దెకు దిగేవాళ్లయినా పెరట్లో కాలు జారగానే అనే మొదటి మాట ఒకటే - "ముందు ఇక్కడ గచ్చు చేయించాలండీ!" గచ్చు చేయిస్తే బురద ఉండదు, ఊడ్చుకోవడం సులువు. నిజమే. కానీ ఇన్నాళ్లూ ఆ నేల తాగిన వాననీళ్లు రేపట్నుంచి ఎక్కడికి పోతాయని మాత్రం ఎవరూ అడగరు. వంటింటి గడపలోకో, పక్కింటి పునాదిలోకో పోతాయి. ఇంకెక్కడికి పోతాయి చెప్పండి?

అసలు మన పెరళ్లు ఎందుకిలా అవుతున్నాయో ఆలోచించారా? మా వీధిలోనే చూస్తున్నాను. రోడ్డు పాడైనప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు. ఒకప్పుడు మూడు మెట్లెక్కి వెళ్లే ఇళ్లు ఇప్పుడు రోడ్డుకి సమానమయ్యాయి. పక్క స్థలంలో కొత్తగా కట్టేవాళ్లు మట్టి తోలించి మెరక చేసుకుంటారు. మధ్యలో మిగిలిన పాత ఇల్లు గుంటలో పడుతుంది. వీధిలో నీళ్లన్నీ అక్కడికే! చివరికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు మాత్రం "పెరడంతా బురదే, ఇల్లాలికి శ్రద్ధ లేదు కాబోలు" అని ఓ మాట విసిరి పోతారు.

అలాంటి పెరట్లో మొక్క చచ్చిపోతే ఆ నిందా మనదే. "నా చేతికి మొక్క బతకదమ్మా" అని నొచ్చుకునే ఆడవాళ్లు ఎంతమందో! తప్పు చేతిది కాదు. కడియం నర్సరీల నుంచి వచ్చిన గులాబీ విరగబూసి కనిపిస్తే ముచ్చటపడి కొంటాం. ఎండ తగులుతుందా అని అడిగే అమ్మకందార్లున్నారు గానీ, మీ నేలలో నీరు నిలుస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. వేళ్లకీ గాలి కావాలి. మట్టి సందుల్లో నీళ్లు నిండితే ప్రాణవాయువు గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. వేరు ఊపిరాడక కుళ్లుతుంది, పైన ఆకు వాడుతుంది. వాడింది కదా అని మరో చెంబుడు పోస్తే దాని పని సరి!

అందుకే మొక్క కొనేముందు నేలని అడగాలి. పెరట్లో అడుగు లోతున, అడుగు వెడల్పున గొయ్యి తవ్వి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. ఈసారి గంటకి అంగుళమైనా దిగకపోతే మీది నీరు నిలిచే నేలే. అలాంటిచోట మునగ, కరివేపాకు, గులాబీ, చామంతి, అల్లం, పసుపు నేరుగా పెట్టడం డబ్బు దండగ. బొప్పాయి అయితే రెండు మూడు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, నిలువునా పోతుంది. ఇవి కావాలనుకుంటే ఎత్తుగా మట్టి పోసుకోవాలి, లేదా కుండీల్లో పెంచుకోవాలి.

మరి అక్కడ బతికేవేమిటి? తామరతూడుని అడ్డంగా కోసి చూడండి, లోపల గొట్టాల్లా కన్నాలుంటాయి. ఆకు నుంచి వేరుదాకా గాలి దిగే దారులవి. నీటి పట్టున పెరిగే చాలా మొక్కలకి ఇలాంటి ఏర్పాటే ఉంటుంది. చామ అందరికీ తెలిసిందే. మెట్టతామర ఎరుపు, పసుపు రంగుల్లో పూస్తూ ఏళ్ల తరబడి పిలకలు వేస్తుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్లు మురికినీటిని శుభ్రపరిచే మడుగుల్లో వాడి చూసిన మొక్కల్లో ఈ మెట్టతామర, జమ్ము ఉన్నాయి. తెల్లటి స్పైడర్ లిల్లీ, బురదలో పాకే వస కూడా ఇలాంటి నేలకి పనికొస్తాయి. (వసకొమ్ము అరగదీసి పసిపిల్లల నాలుకకి రాసే అలవాటు మాత్రం వద్దని డాక్టర్లు అంటున్నారు.) గట్టు జారిపోయేచోట వట్టివేరు నాటండి. దాని వేళ్లు మూడు మీటర్ల లోతుకీ దిగి మట్టిని పట్టి ఉంచుతాయి. పొన్నగంటి కూర కాడ ఒకటి గుచ్చితే చాలు. కాస్త నీడ ఉంటే సరస్వతి ఆకు దానంతటదే పరుచుకుంటుంది. అయితే ఈ రెండూ తినేవి కాబట్టి తూము నీళ్లు తగలనిచోట పెట్టాలి. అరటి బాగా నీళ్లు తాగుతుంది గానీ మొదట్లో నిల్వ నీరు ఓర్చుకోదు, దానికి చిన్న దిబ్బ కావాలి.

ఇవన్నీ ఒకసారి నాటితే ఏళ్లతరబడి ఉండేవని గమనించారా? బహువార్షికాలనే నేను పట్టుబట్టేది అందుకే. ప్రతి సీజనుకీ నారు తెచ్చి, నాటి, పీకి పారేసే తీరిక ఉద్యోగం చేసే అమ్మాయికీ లేదు, ఇంట్లో చాకిరీ చేసే మనకీ లేదు. ఏడాదికి రెండుసార్లు ఎండుటాకులు కోసి, పిలకలు విడదీస్తే సరిపోయే తోట కావాలి.

"దోమలో?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. నేలపైన నీళ్లు వారం పది రోజులు కదలకుండా ఉంటే దోమలు పుడతాయి. అందుకని పైన గుంట లేకుండా వాలు చూసుకోవాలి. మట్టి లోపలి తడితో మాత్రం భయంలేదు. డెంగీ దోమ పెరిగేది కూలర్లో, పాత టైర్లో, కొబ్బరిచిప్పలో. గచ్చు చేసిన ఇళ్లల్లో అవి లేవా? "పొదలుంటే పాములొస్తాయి" అనే భయమూ ఉంది. మొక్కల్ని దొడ్డి గుమ్మానికి దూరంగా పెట్టి, మొదళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి. ఒక్కటి మాత్రం ఎవరిచ్చినా తీసుకోకండి - గుర్రపుడెక్క. నీలిపూలు చూసి ముచ్చటపడితే కాలవలూ, చెరువులూ కమ్మేస్తుంది. కొల్లేటిని అడగండి, చెబుతుంది!

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు ఏ పెరడూ ఆ నీటిని ఆపలేకపోయేది. అంత గొప్పలు నేనూ చెప్పను. కానీ మామూలు వానకే ఇంట్లోకి నీళ్లొచ్చే వీధులు ఎన్ని లేవు? వాననీటిని నేలలోకి ఇంకించాలని 2002లోనే మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది. ఇంకుడుగుంత ప్లానులో చూపించి, పెరడంతా టైల్స్ పరిచేస్తే ఏం లాభం?

అంచేత, మేస్త్రీని పిలిస్తే పిలవండి. బట్టలుతికే చోటా, నడిచే దారీ గచ్చు చేయించుకోండి. నీళ్లు చేరే ఆ మూల మాత్రం వదిలేయమని గట్టిగా చెప్పండి. ఇంట్లో మగవాళ్లు "ఆ బురదేం చేసుకుంటావ్?" అంటారు. చామ దుంప ఒకటి, మెట్టతామర పిలక ఒకటి చేతికిచ్చి నాటమనండి!