ఎంగిలి కంచం లెక్క

మొక్కలు నాటడంలో, సౌరఫలకాలు బిగించడంలో మన విశ్వవిద్యాలయాలు ఎవరికీ తీసిపోవు. కానీ నిన్న రాత్రి హాస్టల్ మెస్‌లో ఎన్ని కిలోల అన్నం డ్రమ్ముల పాలైందని అడిగితే జవాబు చెప్పగలిగే వార్డెన్లు అరుదు. క్యాంపస్ పచ్చదనానికి అసలు పరీక్ష అక్కడే ఉంది.

ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 28 శాతం హోటళ్లు, క్యాంటీన్ల వంటి చోట్ల పోయిందే. కిలో వడ్లు పండాలంటే సగటున 2,500 లీటర్ల నీరు కావాలని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అంచనా. పారబోసే ప్రతి గరిటె అన్నంతో పాటు ఆ నీరూ, దాన్ని తోడిన కరెంటూ పోతున్నట్లే.

ఈ విషయంలో బ్రిటన్ ముందే మేల్కొంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ కేటరింగ్ విభాగం 2016లో తన మెనూ నుంచి బీఫ్, గొర్రె మాంసం తొలగించింది. కొన్న ప్రతి కిలో ఆహారానికి కర్బన ఉద్గారాలు 33 శాతం తగ్గాయని 2019లో ప్రకటించింది.

ఆ కిటుకును ఇక్కడికి యథాతథంగా తెచ్చుకుంటే చిక్కే. మన దేశంలో మాంసం తలసరి వినియోగం ప్రపంచ సగటు కంటే ఎంతో తక్కువ. పైగా ఇక్కడ కంచం వెనక కులముంది, మతముంది. 2012లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జరిగిన బీఫ్ ఫెస్టివల్ ఘర్షణలకు దారితీసింది. శాకాహారులకు వేరే బల్లలు కేటాయించడాన్ని నిరసించినందుకు 2023లో ఐఐటీ బొంబాయిలో ఒక విద్యార్థికి మెస్ కౌన్సిల్ 10,000 రూపాయల జరిమానా వేసింది. పర్యావరణం పేరుతో ఎవరి తిండినో వేలెత్తి చూపితే సంస్కరణ మొదటి రోజే చతికిలబడుతుంది.

మన మెస్‌లలో రోగం వేరు. చాలా హాస్టళ్లలో నెల ఖర్చంతా కలిపి విద్యార్థుల మీద పంచుతారు. ఒకరు పారబోసిన దాని ఖర్చు అందరి బిల్లులోనూ పైసల్లో కలిసిపోతుంది కాబట్టి నొప్పి ఎవరికీ తెలియదు. రేపు ఎంతమంది తింటారో వంటవాళ్లకు చెప్పే నాథుడుండడు. పండగకు సగం హాస్టల్ ఊరెళ్లినా అలవాటైన కొలతే పొయ్యెక్కుతుంది. తక్కువైతే తిట్లు తప్పవు గనుక ఎక్కువ వండటమే వాళ్లకు క్షేమం.

మందు ఖరీదైనదేమీ కాదు. భోజనానికి రానివారు ముందురోజే చెబితే ఆ పూట డబ్బు బిల్లులో తగ్గించాలి. మొదట కొద్దిగా వడ్డించి, అడిగితే మళ్లీ పెట్టాలి. మిగిలింది రోజూ తూచి, ఆ అంకెను బోర్డు మీద రాయాలి. ఏ కూర ఎక్కువ మిగులుతోందో తెలిస్తే మెనూ దానంతటదే మారుతుంది. వారానికి ఒకటి రెండు సార్లు రాగిసంకటో జొన్నరొట్టెో పెడితే వరి మీద భారం కొంత తగ్గుతుంది. అవి ఈ నేలకు కొత్తవేమీ కావు.

ఇంత చేసినా కొంత మిగులుతుంది. దాని నుంచి వంటగ్యాస్, ఎరువు తీసే నిసర్గ్‌రుణ పరిజ్ఞానాన్ని భాభా అణు పరిశోధన కేంద్రం ఏనాడో రూపొందించింది. అయితే ఎముకలు, కొబ్బరి చిప్పలు, గుడ్డు పెంకులు ఏరకుండా పోస్తే ప్లాంటు మొరాయిస్తుంది. ఆ ఏరే పనికి జీతమిచ్చి మనిషిని పెట్టని చోట ప్రారంభోత్సవ ఫలకం తప్ప గ్యాస్ మిగలదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. వాటి స్థానంలో స్టీలు కంచాలు వస్తే కడిగే చేతులూ పెరగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఆదా అయిన డబ్బు ఎవరిది? పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థికి రోజంతటికీ మెస్ భోజనమే ఆధారం. పొదుపు పేరుతో అతని గరిటె కురచ చేసి, మిగులు కాంట్రాక్టరు జేబుకు చేరిస్తే దాన్ని పర్యావరణ హితమనలేం. ఆదా అయిన రూపాయి గుడ్డుగానో గడ్డ పెరుగుగానో అదే కంచంలోకి తిరిగి రావాలి. అలా వచ్చిన నాడు అన్నం పారెయ్యొద్దని గోడ మీద రాయాల్సిన అవసరమే ఉండదు.