సికింద్రాబాద్ కమానులు పోయాయి, కాచిగూడ గుమ్మటాలనైనా కాపాడుకుందాం!

రైలెక్కే అన్నలారా, అక్కలారా! పాసు మీద తిరిగే ఉద్యోగులారా! కూలీ సోదరులారా, ఆటో అన్నలారా!

ఎవరినైనా కలవాలంటే "సికింద్రాబాద్ స్టేషన్ ముందు, ఆల్ఫా హోటల్‌కి ఎదురుగా ఉంటా" అనేవాళ్లం. ఆ కమానులు కంటపడితే ఊరొచ్చినట్టే. 2025 ఫిబ్రవరిలో వాటిని యంత్రాలతో కూల్చేశారు. సుమారు 700 కోట్లతో కొత్త స్టేషన్ కడుతున్నారు. కట్టాల్సిందే. లిఫ్టులు రావాలి, మోకాళ్ల నొప్పులున్న అమ్మ సంచీ మోసుకుంటూ వంతెన ఎక్కే తిప్పలు పోవాలి. మేం దానికి అడ్డం పడటం లేదు.

కానీ రద్దీ ఎక్కడ? ప్లాట్‌ఫారాల మీద, వంతెనల మీద, టికెట్ క్యూలో. ముందున్న కమాను ఏ రైలుకు అడ్డొచ్చింది? అది 1874లో తొలి రైలు నడిచిన నాటిది కాదు, తర్వాత కట్టిందేనని కొందరన్నారు. కాకపోతే కాకపోనీ. మన తాతలు ట్రంకుపెట్టె దించుకున్నది దాని ముందే కదా!

ఒకసారి కాచిగూడ వెళ్లండి. లోపలికి పరుగెత్తకుండా ముందున్న ఆవరణలో రెండు నిమిషాలు నిలబడి తలెత్తి చూడండి. నడుమ పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్నవి, వాటి పక్కన మినార్లు. నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, 1916లో వెలిసిన స్టేషన్ అది. 2023 నుంచి యశ్వంతపూర్ వందేభారత్ ఆ గుమ్మటాల వెనక నుంచే బయల్దేరుతోంది. పాత ముఖం ఉంటే కొత్త రైలు రానంటుందా?

లండన్‌లో సెయింట్ పాంక్రాస్ 1868 నాటిది. 1960లలో దాన్నీ కూల్చేద్దామనుకున్నారు, జనం పట్టుబట్టి ఆపారు. 2007 నుంచి పారిస్ రైళ్లు ఆ పాత కప్పు కిందికే వస్తున్నాయి. అంత దూరం ఎందుకు, బొంబాయి వీటీ చూడండి! 1888లో పూర్తయిన కట్టడం, 2004 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. లోకల్ రైళ్ల జనం ఇప్పటికీ అందులోంచే పారుతున్నారు.

కాచిగూడను రేపే కూలుస్తారని మేం అనడం లేదు. కానీ సికింద్రాబాద్ కొత్త బొమ్మ పేపర్లో వచ్చినప్పుడు "అద్దాల మేడ భలే ఉంది" అన్నాం గానీ, "పాతది ఇందులో ఎక్కడుంది?" అని మనలో ఎంతమంది అడిగాం? తప్పులో మనకూ వాటా ఉంది. స్టేషన్లను కొత్తగా తీర్చిదిద్దే అమృత్ భారత్ పథకంలో దేశమంతటా 1300కు పైగా స్టేషన్లున్నాయి. మీ ఊరి స్టేషన్ కూడా ఉందేమో చూసుకోండి.

పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి రైల్వేకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మూడే అడగండి: పాత భవనం ఏ ఏడాదిది? రైల్వే వారసత్వ జాబితాలో ఉందా? కొత్త నక్షాలో దాన్ని ఉంచుతున్నారా, తీసేస్తున్నారా? ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అది రాగానే దాని నకలు మీ ఎంపీ చేతిలో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఆ స్టేషన్ ముందు దిగిన పాత ఫోటో ఉంటే అదీ జతచేయండి.

ఈ కాగితంలో పల్లీలు పొట్లం కట్టుకున్నా ఫరవాలేదు. ముందు పక్క సీటాయనకు ఒకసారి చదివి వినిపించండి.

ఇట్లు
ఆ కమానుల కింద ఎదురుచూసిన కొందరు ప్రయాణికులు