వంశవృక్షం కూడు పెట్టదు

నిజామాబాద్‌లో సేవాలాల్ జయంతి సభలకు వెళ్ళినప్పుడల్లా రెండు మాటలు వింటున్నాను. ఒక వక్త మనం రాజపుత్రులమంటాడు. రాథోడ్, చౌహాన్, పమార్ గోత్రాలే సాక్ష్యమంటాడు. ఇంకో వక్త యూరప్‌లోని రోమాలు మన అన్నదమ్ములంటాడు. మొన్న తండాలో ఒక పిల్లగాడు ఫోనులో ఏదో చూసి, పిరమిడ్లు కట్టింది కూడా మనవాళ్ళేనా అని అడిగాడు. తప్పు ఆ పిల్లగాడిది కాదు, మన వేదికలది.

రోమాలను యూరప్‌వాళ్ళు జిప్సీలన్నారు. ఎక్కడినుంచి వచ్చారో తెలియక ఈజిప్టు వాళ్ళనుకుని పెట్టిన పేరు అది. ఊరు తెలియనివాడికి ఎవడో ఒక ఊరు అంటగట్టడం కొత్త కాదు.

అసలు ఈజిప్టు వాళ్ళకే ఆ తిప్పలు తప్పలేదు. బయటినుంచి వచ్చిన ఒక గొప్ప జాతే అక్కడ నాగరికత నిలిపిందని ఫ్లిండర్స్ పెట్రీ వంటి ఇంగ్లీషు పండితులు రాశారు. ఆఫ్రికావాడికి అంత పని చేతకాదని దాని లోపలి అర్థం. 1974లో కైరోలో యునెస్కో జరిపిన సదస్సులో సెనెగల్ పండితుడు షేక్ అంటా డియోప్ దానికి ఎదురు నిలబడి, వాళ్ళు నల్లజాతి ఆఫ్రికన్లేనని వాదించాడు. 2025లో పిరమిడ్ల కాలపు ఒక మనిషి పళ్ళ నుంచి తీసిన జన్యువులు చదివారు. అతని వంశంలో సుమారు 80 శాతం ఉత్తర ఆఫ్రికాది, 20 శాతం మెసొపొటేమియా వైపుది అని తేలింది. ఒక్క మనిషిలోనే రెండు దిక్కులున్నాయి. ఇక స్వచ్ఛమైన రక్తం ఎక్కడ వెతుకుతాం?

రాజపుత్రులమని చెప్పుకునే అన్నలను ఒక మాట అడుగుతాను. మనకు పిల్లనిచ్చిన రాజపుత్రుడు ఎవరు? వేదిక మీద రాజుల బిడ్డలమని, దరఖాస్తులో గిరిజనులమని రాస్తే ఎదుటివాడు ఊరుకుంటాడా? ఆ గొప్పతోపాటు వాళ్ళ కట్నాలు కూడా తండాకు వచ్చాయి. ఒకప్పుడు పిల్ల తండ్రికి మనం ఓలి ఇచ్చేవాళ్ళం.

ఇటు మనల్ని రాజస్థాన్ నుంచి వచ్చిన వలసవాళ్ళు అనేవారిదీ ఇదే లెక్క. మన భాష రాజస్థానీ వైపుదే, దాచేదేమీ లేదు. కానీ 1976 చట్టంతో తెలంగాణలో వచ్చిన ఎస్టీ హోదా తాత పుట్టిన ఊరు చూసి ఇచ్చింది కాదు. బోధన్ నుంచి సాలూర దాటి మంజీర అవతలికి వెళ్తే అదే గోత్రం, అదే తీజ్, అదే వియ్యం. అక్కడ మనం విముక్త జాతి. కర్ణాటకలో ఎస్సీ. రక్తం మారలేదు, సరిహద్దు మారింది. గోండు, కోలాం సోదరుల భూమి గోడు మాత్రం నిజమైనది. దాన్ని వంశాల తగువుగా కాక, భూమి, ఉద్యోగాల లెక్కగానే కూర్చుని మాట్లాడుకోవాలి.

2013లో ఎర్రసముద్రం ఒడ్డున కొన్ని పాపిరస్ కాగితాలు దొరికాయి. మేరేర్ అనేవాడు తన మనుషులతో పడవల మీద తూరా సున్నపురాయిని గీజా పిరమిడ్‌కు చేరవేసిన రోజువారీ లెక్క అది. ఏ రోజు ఎక్కడ రాయి ఎక్కించారో, ఎక్కడ రాత్రి గడిపారో ఉంది. ఏ వంశమో లేదు. నాలుగున్నర వేల ఏళ్ళ తర్వాత ఒక మోతకూలీ గుంపు బతుకు మనకు తెలిసింది ఆ లెక్క వల్లనే.

మనమూ మోసినవాళ్ళమే. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోశాం. మొఘల్ సైన్యాలకు దక్కన్ దాకా గింజలు చేర్చాం. రైలు వచ్చి ఆ పని పోయింది. 1871లో ఇంగ్లీషువాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చి తిరిగే జాతుల మీద దొంగ ముద్ర వేశారు. తర్వాత శక్కర్‌నగర్ ఫ్యాక్టరీకి చెరకు నరికినవాళ్ళలో, బండ్లు తోలినవాళ్ళలో మనవాళ్ళున్నారు. 2015 డిసెంబరులో దాని గేటు మూతపడింది. ఎన్ని తండాల కూలి పోయిందో, ఎవరు ఎక్కడికి వలసపోయారో మన దగ్గర రాసిపెట్టిన లెక్క ఏది?

చదువుకున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! రాజుల పేర్లు వెతకడం ఆపండి. ఈ వేసవిలో మీ తండాలో చెరకు నరికిన ఒక ముసలామె దగ్గర కూర్చోండి. రోజుకు ఎన్ని కట్టలు కట్టింది, ఎంత ఇచ్చారు, ఎంత ఎగ్గొట్టారు, గేటు మూసినాక ఏం తిన్నది, అడిగి రాయండి. రేపు ఎవరైనా మీరెవరని అడిగితే ఆ పుస్తకం చూపిద్దాం.